ఎన్రికే రోసాస్, 1919 నాటి 'బూడిద రంగు కారు': ఆ ఆఖరి సీన్ గురించి మీరేమంటారు?

సెల్లులాయిడ్_సూరి:
మూకీలనగానే మనం చాప్లిన్, కీటన్, ఐజెన్‌స్టయిన్ చుట్టూనే తిరుగుతున్నాం, కాస్త పక్కకి జరుగుదామని ఈ థ్రెడ్. ఎన్రికే రోసాస్ అని మెక్సికో మూకీ దర్శకుడు, ప్యూబ్లా వాడు. ఊరూరా ప్రొజెక్టర్ మోసుకెళ్లి బొమ్మలాడించే పనితో మొదలై, తర్వాత తనే కెమెరా పట్టాడు. 1906లో అధ్యక్షుడు పోర్ఫిరియో దియాస్ యుకతాన్ పర్యటనకి వెళ్తే ఆ వేడుకలు తీశాడు. 1910లో మెక్సికో విప్లవం వచ్చాక దాన్నీ తీశాడు. కథాచిత్రాల వైపు ఆలస్యంగా వచ్చాడు కానీ 1919 డిసెంబర్లో వచ్చిన 'ఎల్ ఆటోమోవిల్ గ్రిస్', అంటే బూడిద రంగు కారు, ఆయన పేరు నిలబెట్టింది. థియేటర్లో భాగాలుగా చూపించే 12 భాగాల సీరియల్ అది.

కథ జనానికి ముందే తెలుసు. 1915లో మెక్సికో సిటీ ఇవాళ ఒకరి చేతిలో, రేపు ఇంకొకరి చేతిలో. రైతుల నాయకుడు జపాటా మనుషులు పోతే, ఆయనకి ఎదురు పక్షం నాయకుడు, తర్వాత అధ్యక్షుడైన కర్రాన్సా మనుషులు, వాళ్లు పోతే మళ్లీ వీళ్లు. ఏ నోటు చెల్లుతుందో తెలీదు, తిండి దొరకదు. ఆ గందరగోళంలో ఒక ముఠా సైనికుల యూనిఫాం వేసుకుని, సోదా వారంటు చేత్తో పట్టుకుని, కారులో డబ్బున్నవాళ్ల ఇళ్ల ముందు దిగేది. తలుపు తీయక చస్తారా! లోపలికొచ్చి నగలు, డబ్బు ఊడ్చుకుపోయేవాళ్లు. 1915 డిసెంబర్లో ముఠాలో కొందర్ని వరసగా నిలబెట్టి కాల్చేశారు. ఆ కాల్పుల్ని రోసాస్ అప్పుడే తీసి దాచుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత ఆ ముక్కనే తన సినిమా చివర అతికించాడు. మెక్సికో సినిమా మీద ఈయన ప్రభావం గురించి మాట్లాడాలంటే ఈ పని దగ్గర్నుంచే మొదలెట్టాలని నాకనిపిస్తోంది. మీరేమంటారు?

మ్యాట్నీ:
ఆగండాగండి. అంటే తెర మీద చచ్చిపోయేవాళ్లు నిజంగానే చచ్చిపోతున్నారా?

సెల్లులాయిడ్_సూరి:
అవును. అంతవరకూ ఆ దొంగల వేషాలేసింది నటులు. ఆఖర్న గోడ ముందు నిలబడింది మాత్రం అసలు మనుషులు.

ఎడిటింగ్_టేబుల్:
సూరి గారూ మంచి టాపిక్ ఎత్తారు. నేను ఎడిటింగ్‌లోనే పనిచేస్తా కాబట్టి నాకు కథ కన్నా ఆ అతుకు మీదే దృష్టి. మామూలుగా నటుడి నుంచి అసలు మనిషికి కట్ చేస్తే ప్రేక్షకుడు బయటికొచ్చేస్తాడు, మొహాలు కలవవు కదా. ఇక్కడ రోసాస్‌కి రెండు కలిసొచ్చాయి. ఒకటి, ఆ 1915 షాట్లలో కెమెరా దూరంగా ఉంటుంది, మొహం మీదికి పోదు, కాబట్టి ఎవరు ఎవరన్నది గుర్తుపట్టే లోపే అయిపోతుంది. రెండోది ఇంకా పెద్దది. సినిమా మొత్తాన్నీ ఆయన ఆ ముక్కకి తగ్గట్టుగానే తీశాడు. స్టూడియోలో సెట్లు వేసుకోకుండా దొంగతనాలు జరిగిన అసలు వీధుల్లో, అసలు చోట్ల కెమెరా పెట్టాడు. ముఠా వెంటపడిన డిటెక్టివ్ హువాన్ మనుయెల్ కాబ్రేరా చేత ఆయన వేషం ఆయన చేతే వేయించాడు. ఆయన నటన గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు, కానీ కేసు తెలిసిన మనిషి కాబట్టి ఏది ఎలా జరిగిందో చెప్పడానికి పక్కనే ఉన్నాడు. దాంతో ఏమైందంటే, నటులు నటిస్తున్న సీన్లు కూడా న్యూస్‌రీల్ లాగా కనిపిస్తాయి. ఎండ, దుమ్ము, ట్రాం తీగలు, అటుగా పోతూ కెమెరా వంక చూసే జనం. ఆఖర్న నిజం వచ్చినప్పుడు ఎక్కడ మారిందో పట్టుకోవడం కష్టం.

ఇదంతా ఆయన ఒక్కడే చేశాడని కాదు, హోవాకిన్ కోస్, హువాన్ కనాల్స్ దె ఓమ్స్ కూడా దర్శకత్వంలో చెయ్యేశారు, ఇద్దరూ నటించారు కూడా. కానీ ఇరవై ఏళ్లు వార్తా చిత్రాలు తీసిన కన్ను రోసాస్‌ది. కట్టుకథ తీస్తున్నా ఆ చెయ్యి మారలేదు.

నేలటిక్కెట్:
ఇది మన బొంబాయి ఒపేరా హౌస్ కేసు కదా అన్నా! 1987లో సీబీఐ వాళ్లమని చెప్పి నగల షాపులో దిగబడి సర్దుకుపోయారే, హిందీలో సినిమా కూడా వచ్చింది. అదే ఐడియా 1915లోనే వేసేశారన్నమాట, నాయనలు ముందున్నారు.

పాతరీలు:
నేలటిక్కెట్ గారూ, పైకి అలాగే కనిపిస్తుంది కానీ అసలు తేడా అక్కడే ఉంది. బొంబాయి వాడివి దొంగ కాగితాలు. మెక్సికో ముఠా చేతిలో ఉన్నవి మాత్రం అధికారుల దగ్గర్నుంచి వచ్చిన అసలు సోదా ఫారాలే అని అప్పట్నుంచీ జనం నమ్మకం. యూనిఫాంలు ఎవరిచ్చారు, ఆ కాగితాల మీద సంతకం ఎవరిది, ఇన్ని ఇళ్లు దోచినా ఇన్నాళ్లు ఎలా దొరకలేదు, అని ఊరంతా అడిగిన ప్రశ్నలే. వేళ్లన్నీ ఒకవైపే చూపించేవి, కర్రాన్సా పక్షం సైన్యాధికారి జనరల్ పాబ్లో గొంజాలెజ్ వైపు. రుజువైంది లేదు, కానీ ఆ మచ్చ ఆయన్ని వదల్లేదు. దోచిన నగలు ఫలానా నటి మెడలో కనిపించాయని కూడా చెప్పుకున్నారు, ఆ పుకారు ఇప్పటికీ మెక్సికోలో కథల్లాగా చెప్తారు.

ఇప్పుడు 1919కి రండి. అదే గొంజాలెజ్ అధ్యక్ష పదవికి పోటీ పడే ఏర్పాట్లలో ఉన్నాడు. ఎన్నిక 1920లో. అప్పుడు ఈ సినిమా వస్తోంది. రోసాస్‌కి ఆయనతో సన్నిహిత సంబంధం ఉందనీ, సినిమా వెనక ఆయన ప్రోత్సాహం ఉందనీ మెక్సికో సినిమా చరిత్రకారులు రాశారు. సినిమాలో ఏముంది? దొంగలున్నారు, తెలివైన పోలీసు ఉన్నాడు, చివర్న శిక్ష ఉంది. వెనకాల పెద్ద తలకాయ అనే ప్రశ్నే లేదు. అంటే, 'చూశారుగా, దొంగలు వీళ్లే, కాల్చేశాం కూడా, ఇంకేం కావాలి?' అని చెప్పడానికి ఆ అసలు ఫుటేజీ కన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది! ఆ సీన్ కథలో ముగింపు ఒక్కటే కాదు, ఊరి నోరు మూయించే ప్రయత్నం కూడా.

వరంగల్_వాలా:
పాతరీలు అన్న చెప్పింది చదివినంక ఇంక పొగిడేదేముంది చెప్పండి. చచ్చినోడు మాట్లాడడు. ఎవరు కాగితం ఇచ్చిన్రో తెలిసినోళ్లు ఆ గోడ ముందే పోయిన్రు, తర్వాత వాళ్ల చావునే టికెట్ పెట్టి చూపించిన్రు. మన దగ్గర కూడా ఎన్‌కౌంటర్ అయినంక శవాల పక్కన ఆయుధాలు పేర్చి ఫొటో దింపుతరు చూడండి, ఆ ఫొటో తర్వాత ఇంక ప్రశ్నలుండవు. ఆ ఫొటో తీసినోణ్ని మనం కళాకారుడు అనం కదా. అతుకు బాగుంది, లైటింగు బాగుంది అని మాట్లాడుడు నాకైతే మింగుడు పడుతలేదు.

సెల్లులాయిడ్_సూరి:
వరంగల్ గారూ మీ కోపం అర్థమైంది, కానీ రోసాస్‌ని ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ అని కొట్టిపారేస్తే మిగతాదంతా పోతుంది. 1917లో గాయని, నటి మిమీ దెర్బాతో కలిసి ఆస్తెకా ఫిల్మ్స్ అనే కంపెనీ పెట్టాడు. ఆ ఒక్క ఏడాదిలో ఐదు కథాచిత్రాలు తీశారు. అప్పటికి మెక్సికోలో కథాచిత్రాలంటే ఇటలీవి, ఫ్రాన్స్‌వి, తర్వాత అమెరికావి, సొంతంగా పరిశ్రమ అనేదే లేదు. పైగా విప్లవం మీద అమెరికా సినిమాల్లో మెక్సికో వాళ్లంటే బందిపోట్లే. దానికి జవాబుగా మన సినిమా మనం తీసుకుందాం అన్నవాళ్లలో వీళ్లు ముందున్నారు. ఐదు తీశాక కంపెనీ మూతపడింది. డబ్బు కావాలి. డబ్బు సైన్యాధికారుల దగ్గరుంది. ఏ కాలంలోనైనా సినిమాకి పెట్టుబడి ఎక్కణ్నుంచి వస్తుందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు కదా!

గోదారి_గట్టు:
మిమీ దెర్బా పేరొచ్చింది కాబట్టి ఒక్క మాట. ఆ ఐదింట్లో 'లా తిగ్రేసా' అనే సినిమాకి దర్శకత్వం ఆవిడదే అని చాలామంది అంటారు, అదే నిజమైతే మెక్సికోలో తొలి మహిళా దర్శకురాలు ఆవిడే. కథలు రాసింది, డబ్బు పెట్టింది, నటించింది. కంపెనీ పోయాక ఏళ్ల తరబడి తెర మీద లేదు. మళ్లీ 1931లో తీసిన 'సాంతా' అనే టాకీలో కనిపించింది, అక్కణ్నుంచి పెద్ద వయసులో అమ్మ, అత్త లాంటి వేషాలు చాలా వేసింది. సీరియల్ గురించి వంద పేజీలు రాసేవాళ్లు ఈవిడ గురించి రెండు లైన్లు రాసి ఊరుకుంటారు. ఈ థ్రెడ్ కూడా ఆ దారిలోనే పోతోంది, గమనించగలరు.

మ్యాట్నీ:
గోదారి గారూ ఆవిడకి వేరే థ్రెడ్ పెట్టండి, మొదటి కామెంట్ నాది.

పాతరీలు:
వరంగల్ గారి వాదనకి బలం చేకూర్చేది ఇంకోటుంది. 1919 ఏప్రిల్ 10న జపాటాని చినామెకాలో మోసంతో పిలిపించి కాల్చి చంపారు. చంపించింది ఇదే పాబ్లో గొంజాలెజ్ సైన్యం. శవాన్ని కువావుత్లా పట్నానికి తెచ్చి జనానికి చూపించారు, ఎందుకంటే జపాటా చచ్చాడంటే రైతులు నమ్మరని వాళ్లకి తెలుసు. ఫొటోలు తీయించారు, సినిమా కూడా తీయించారు. ఆ కెమెరా రోసాస్‌ది. ఒకే ఏడాది, అదే జనరల్, అదే కెమెరామన్. ఏప్రిల్లో జపాటా శవం, డిసెంబర్లో తెర మీద ముఠా కాల్పులు. రెండు చోట్లా సినిమాతో చేయించుకున్న పని ఒకటే, చావుకి రుజువు చూపించడం.

తమాషా ఏంటంటే ఆ రుజువు పనిచేయలేదు. జపాటా చావలేదు, గుర్రమెక్కి కొండల్లోకి పోయాడు, ఆ శవం ఆయనది కాదు అని జపాటా సొంత రాష్ట్రం మోరెలోస్ రైతులు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. ముఠా వెనకున్నది గొంజాలెజే అన్న మాటా పోలేదు. 1920 మే నెలలో అధ్యక్షుడు కర్రాన్సా హత్యకి గురయ్యాడు, గొంజాలెజ్‌కి పదవి రాలేదు, చివరికి దేశం విడిచి అమెరికా పోవాల్సొచ్చింది. అదే ఏడాది ఆగస్టులో రోసాస్ చనిపోయాడు. సీరియల్ విడుదలై తొమ్మిది నెలలు కూడా నిండలేదు.

శాన్‌హోసే_తెలుగు:
అందరూ వదిలేసిన చిన్న సంగతి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1917 నుంచి 1919 దాకా, మన విప్లవకారుడు ఎం.ఎన్. రాయ్ మెక్సికో సిటీలోనే ఉన్నారు. అమెరికాలో అరెస్టు తప్పించుకుని సరిహద్దు దాటారు, కర్రాన్సా ప్రభుత్వంలో పెద్దవాళ్లతో పరిచయాలు, అక్కడి కమ్యూనిస్టు పార్టీ పుట్టుకలో చెయ్యి. ఆయన ఈ ముఠా కథలు వినకుండా ఉండే అవకాశమే లేదు. మన దగ్గర రాయ్ భావాలు పట్టుకున్న రచయిత త్రిపురనేని గోపీచంద్ తర్వాత సినిమాలు తీశారు కదా, ఎక్కణ్నుంచి ఎక్కడికో.

ఎడిటింగ్_టేబుల్:
రాజకీయం పక్కన పెట్టి ఒరిజినాలిటీ గురించి కూడా మాట్లాడుకోవాలి. కారులో తిరిగే దొంగల ముఠా అనేది మెక్సికో కన్నా ముందు పారిస్‌లో ఉంది, 1911-12లో బొన్నో ముఠా. కార్లలో వచ్చి బ్యాంకులు దోచి పారిపోయేవాళ్లు, పోలీసులేమో గుర్రాల మీద, సైకిళ్ల మీద. దాని మీద 1912లోనే ఫ్రాన్స్‌లో విక్టొరిన్ జాస్సే సినిమా తీశాడు, అందులో ఒక భాగం పేరే 'బూడిద రంగు కారు'! ఆ తర్వాత ఇంకో ఫ్రెంచి దర్శకుడు ఫుయ్యాడ్ తీసిన నేర సీరియళ్లు మెక్సికోలో బాగా ఆడాయి, అమెరికా సీరియళ్లు కూడా. అంటే వారం వారం ఉత్కంఠతో ఆపడం, ముసుగులు, వెంటాడటం, ఇవన్నీ రోసాస్ బయట నుంచి తెచ్చుకున్నవే. సొంత దేశంలో కూడా పోటీ ఉంది. ఇదే ముఠా మీద ఎర్నెస్తో వోల్‌రాత్ అనే దర్శకుడు అదే 1919లో రోసాస్ కన్నా ముందే ఇంకో సినిమా విడుదల చేశాడు. అదిప్పుడు ఎవరికీ గుర్తులేదు.

మరి రోసాస్‌ది ఎందుకు నిలిచింది? నా ఉద్దేశంలో ఫ్రెంచి సీరియళ్లలో నేరం ఒక కల లాగా ఉంటుంది, నల్ల దుస్తులు వేసుకుని కప్పుల మీద పాకడం వగైరా. రోసాస్ దాంట్లో కలేమీ లేదు. ఒక సీన్ చెప్తా. పట్టపగలు ఇంటి ముందు కారాగుతుంది. యూనిఫాంలో దిగుతారు. కాగితం చూపిస్తారు. ఇంటాయన భయంభయంగా చదువుకుని పక్కకి తప్పుకుంటాడు. తుపాకీ పేలదు, అరుపుల్లేవు, ఆఫీసు పని జరిగినట్టు జరిగిపోతుంది. అసలు దౌర్జన్యం లోపలికెళ్లాకే. ఆ కాగితం చూసి మనిషి వంగిపోయే తీరు, దాన్ని మాత్రం ఫ్రాన్స్ నుంచి తెచ్చుకోలేదు. 1915 బతికినవాడికే అది తెలుసు.

వరంగల్_వాలా:
సరే, సీన్ బాగుందనే అనుకుందాం. 'ప్రభావం' అంటున్నరు. ఎవరి మీద? పేర్లు చెప్పండి. నూరేండ్ల కింది సినిమా తర్వాతోళ్లు చూడకుండనే అసొంటిది తీసి ఉండొచ్చు కదా, అది ప్రభావం ఎట్లయితది?

పాతరీలు:
న్యాయమైన ప్రశ్నే. ఫలానా దర్శకుడు రోసాస్‌ని చూసి ఈ షాట్ తీశాడు అని నేను చెప్పను. కానీ ఒక దారి మాత్రం కనిపిస్తుంది. మెక్సికో సినిమా మొదలైంది డాక్యుమెంటరీతోనే. సాల్వడోర్ తోస్కానో, ఆల్వా సోదరులు, వీళ్లంతా విప్లవాన్ని యుద్ధం జరుగుతుండగానే తీసి గంటల నిడివి సినిమాలుగా చూపించినవాళ్లు. తోస్కానో ఫుటేజీని 1950లో ఆయన కూతురు కార్మెన్ ఒక పెద్ద సినిమాగా కూర్చింది కూడా. ఆ డాక్యుమెంటరీ అలవాటుని తీసుకొచ్చి నేర కథలో కలిపింది రోసాస్. ఆ తర్వాత 1920ల్లో ఒరిసాబా ఊళ్లో గాబ్రియెల్ గార్సియా మొరేనో తీసిన రెండు సినిమాలు చూడండి. ఒకటి రైల్వే దొంగల కథ, అసలు రైళ్ల మీద, అసలు స్టేషన్లలో తీశాడు. రెండోది మత్తుమందుల మీద, అందులో కథ మధ్యలో డాక్యుమెంటరీ ముక్కలు పెట్టాడు. ఇది రోసాస్ తర్వాత ఎనిమిదేళ్లలోపే.

ఇంకా ఇటు రండి. 1976లో ఫెలిపే కసాల్స్ తీసిన 'కనోవా'. 1968లో ప్యూబ్లా దగ్గర ఒక పల్లెలో యూనివర్సిటీ ఉద్యోగుల్ని కమ్యూనిస్టులని చెప్పి జనం కొట్టి చంపిన అసలు సంఘటన. సినిమా మొత్తం డాక్యుమెంటరీ వేషంలో ఉంటుంది, ఊరివాడొకడు నేరుగా కెమెరాతో మాట్లాడతాడు. 2021లో అలోన్సో రుయిస్‌పలాసియోస్ పోలీసుల మీద తీసినది ఇంకా దగ్గర. నటులు పోలీసులుగా కనిపిస్తారు, కాసేపటికి వాళ్లెవరి మాటలు చెప్తున్నారో ఆ అసలు పోలీసులే వచ్చేస్తారు. నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, బెర్లిన్‌లో ఎడిటింగ్‌కి బహుమతి కూడా కొట్టింది. పోలీసు, నటుడు, అసలు మనిషి, మధ్యలో అతుకు: కాబ్రేరా తన వేషం తానే వేసుకున్న సినిమా గుర్తు రాకుండా ఉంటుందా? తేడా ఏంటంటే రోసాస్ ఆ అతుకుని ప్రశ్నలు ఆపడానికి వాడాడు, వీళ్లు ప్రశ్నలు లేపడానికి వాడారు. నేను ప్రభావం అంటున్నది దీన్నే. పనిముట్టు ఆయనది, వాడకం తిరగబడింది.

వరంగల్_వాలా:
ఈ ముక్క మొదటే చెప్తే అయిపోతుండె.

నేలటిక్కెట్:
ఇదంతా చదువుతుంటే నాకు వేరే బాధ. 1919లో తీసింది మెక్సికో వాళ్లు ఇప్పటికీ చూసి కొట్టుకుంటున్నారు. 1921లో రఘుపతి సూర్యప్రకాష్ తీసిన మన 'భీష్మ ప్రతిజ్ఞ' ఒక్క రీలు మిగల్లేదు. తండ్రి రఘుపతి వెంకయ్య నాయుడు కూడా రోసాస్ లాగా ఊరూరా బొమ్మలాడించి తర్వాత నిర్మాణానికి వచ్చినవాడే. ఆయన పేరు మీద అవార్డు ఇచ్చుకుంటున్నాం, తీయించిన బొమ్మ చూసే భాగ్యం మాత్రం లేదు.

సెల్లులాయిడ్_సూరి:
మెక్సికో వాళ్ల పరిస్థితీ పెద్ద గొప్పగా లేదు అన్నా. 1982 మార్చి 24న వాళ్ల జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్, సినెతెకా నసియొనాల్, తగలబడిపోయింది. మనుషులు చనిపోయారు, వేల సినిమాలు బూడిదయ్యాయి. మన పుణేలో 2003 జనవరిలో ఇట్టే అంటుకునే పాత నైట్రేట్ రీళ్లు కాలిపోయినట్టే. రోసాస్ తీసిన ఆస్తెకా సినిమాల్ని ఇప్పుడు చూడటం కుదరదు. ఈ ఒక్కటి బతకడానికి కారణం, నా లెక్కలో, డబ్బాశే. 1933లో టాకీల జోరులో దీనికి శబ్దం కలిపి, బాగా కత్తిరించి, సీరియల్ని ఒకే సినిమాగా మార్చి మళ్లీ విడుదల చేశారు. చాలామంది చూసింది ఆ కత్తిరింపు వెర్షనే, అందుకే కథ అక్కడక్కడా గెంతుతుంది, ఎవరెవరో ఉన్నట్టుండి వచ్చి మాయమైపోతారు. తర్వాత మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం ఫిల్మోతెకా వాళ్లు దొరికిన ముక్కలన్నీ పోగేసి పెద్ద నిడివితో పునరుద్ధరించారు. చూస్తే అదే చూడండి.

శాన్‌హోసే_తెలుగు:
ఇంకో రకంగా కూడా బతికింది. 2000ల్లో క్లావుదియో వాల్దెస్ కురి అనే రంగస్థల దర్శకుడు దీన్ని నాటకంగా మార్చాడు. తెర మీద మూకీ ఆడుతుంటుంది, తెర ముందు, జపాన్ మూకీల్లో బెన్షీ అనే వ్యాఖ్యాతలుండేవాళ్లే, ఆ పద్ధతిలో నటులు నిలబడి అందరి గొంతులూ వాళ్లే పలుకుతారు, పియానో ఉంటుంది. ఒకచోట జపనీస్, ఒకచోట స్పానిష్, సీరియస్ సీన్లకి కావాలని పిచ్చి డైలాగులు. జనం పడీ పడీ నవ్వుతారు. మూకీల రోజుల్లో మన దగ్గరా తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్లు ఉండేవాళ్లు కాబట్టి మనకి ఇది అంత వింతగా అనిపించదు. కానీ ఆలోచించండి, అంతసేపు నవ్వించి, ఆఖర్న ఆ కాల్పులు వస్తే ఏమనాలి?

గోదారి_గట్టు:
నవ్విస్తూ తీసుకెళ్లి అక్కడ పడేయడం నాకు నచ్చింది. 1919 ప్రేక్షకుడు దొంగ చచ్చాడని చప్పట్లు కొట్టి ఇంటికెళ్లి ఉంటాడు. ఇప్పటివాడికి చప్పట్లు రావు.

ఎడిటింగ్_టేబుల్:
అదే నేనూ అనబోయాను. ఒక షాట్ తీసినవాడి చేతిలోంచి జారిపోవడం అంటే ఇదే. జనరల్ కోసం పెట్టి ఉండొచ్చు, ఇప్పుడు చూస్తే ఆ జనరల్ మీదే అనుమానం పెరుగుతుంది.

వరంగల్_వాలా:
నా మాట నాదే. సినిమా చూస్త, కాదనను. కానీ ఆ గోడ ముందట నిలబడ్డోళ్ల పేర్లు దర్శకుడి పేరు పక్కన ఎవరన్న రాస్తున్నరా? ఏదో ఒకరోజు రాస్తే అప్పుడు గొప్ప దర్శకుడు అంట. పెద్ద వెర్షన్ లింకు ఎవరి దగ్గరన్న ఉంటే పెట్టండి.

సెల్లులాయిడ్_సూరి:
పాత 1933 వెర్షన్ యూట్యూబ్‌లో వెతికితే దొరుకుతుంది, ప్రింటు మసకగా ఉంటుంది, టైటిల్ కార్డులు స్పానిష్‌లో. పెద్దది ఫిల్మోతెకా వాళ్లు ఎప్పుడైనా ఫెస్టివల్స్‌లో వేస్తారు. వరంగల్ గారూ, స్పానిష్ కార్డుల అర్థం నేను భాగాల వారీగా ఇక్కడే రాసి పెడతా, ఆదివారం మొదలెడదాం.

మ్యాట్నీ:
ఆదివారం మ్యాచ్ ఉంది. శనివారం పెట్టండి.